కాగితం మీద లెక్క, 3వ భాగం: 524001ని విడగొడదాం

నెల్లూరు హెడ్ పోస్టాఫీసు పిన్ కోడ్ 524001. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్ కోడ్ మొదలైంది ఉత్తరాల కోసమే గానీ లెక్కల కోసం కాదు. అయినా ఆరంకెల సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడం నేర్చుకోవడానికి ఇది భలే సంఖ్య. కాలిక్యులేటర్ పక్కన పెట్టండి.

పాత సూత్రాలతో ముందు తేలిక పని కానిచ్చేద్దాం. చివర 1 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 12, అంటే 3తో పోతుంది. భాగిస్తే 174667. దీని అంకెల మొత్తం 31, ఇక 3తో పని లేదు.

7, 11, 13లకు మూడు భాగహారాలు చెయ్యక్కర్లేదు. 7×11×13 = 1001 కదా, మూడేసి అంకెలుగా విడదీసి తీసెయ్యండి: 667 − 174 = 493. ఇది 7తో భాగిస్తే 3, 11తో 9, 13తో 12 మిగులుతుంది. మూడూ పోవు. 17తో నేరుగా భాగిస్తే శేషం 9, అదీ పోదు.

ఇప్పుడు 19. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు టెన్షన్ పడేది ఇక్కడే, 19వ ఎక్కం నోటికి వచ్చినవాళ్లు తక్కువ. రానక్కర్లేదు. చివరి అంకెను రెట్టింపు చేసి, మిగతా సంఖ్యకు కలుపుతూ పోండి.

17466 + 14 = 17480
1748 + 0 = 1748
174 + 16 = 190
19 + 0 = 19

పోతుంది! ఎందుకంటే, చివరి అంకె b, దాని ముందున్నదంతా a అనుకుంటే మన సంఖ్య 10a + b. రెట్టింపు చేస్తే 20a + 2b, అంటే 19a + (a + 2b). 19a ఎలాగూ 19తో పోతుంది. కాబట్టి a + 2b పోతేనే మొత్తం పోతుంది. సూత్రం మరిచిపోయినా ఈ రెండు వాక్యాలు గుర్తుంటే మళ్లీ రాబట్టుకోవచ్చు.

174667 ÷ 19 = 9193. మళ్లీ 19తో పోదు, 23తోనూ పోదు. 29కి రెట్టింపు బదులు మూడు రెట్లు, ఎందుకంటే 30 = 29 + 1. 919 + 9 = 928, 92 + 24 = 116, 11 + 18 = 29. పోయింది. మిగిలింది 317.

18×18 = 324 కాబట్టి 317కి 17 వరకు చూస్తే చాలు. 174667లోనే పోని 3, 7, 11, 13, 17 దాని ముక్కలో ఎలా పోతాయి? 2, 5 సంగతి చెప్పనే అక్కర్లేదు. 317 ప్రధాన సంఖ్యే.

524001 = 3 × 19 × 29 × 317. ఏ కారణాంకమూ రెండోసారి రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలెయ్యొచ్చు, అందుకే దీనికి 2×2×2×2 = 16 భాజకాలు.

ఇంటిపని: ఒంగోలు పిన్ కోడ్ 523001. 29 వరకు ఏదీ పోదు, 31తో మొదలుపెట్టండి. 30 = 31 − 1 కాబట్టి ఈసారి మూడు రెట్లను కలపకూడదు, తీసెయ్యాలి. చివరికి ఐదంకెల సంఖ్య ఒకటి మిగులుతుంది. అది ప్రధాన సంఖ్యో కాదో 130 లోపు చూసి తేల్చాలి, కాస్త ఓపిక పట్టాలి. ఆ పని 4వ భాగంలో.