పెరటి మామిడి: పిచికారీ పైన, అసలు పని కింద

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెరటి మామిడికి పురుగు కనపడగానే చెయ్యి స్ప్రేయరు మీదికే పోతుంది. కానీ తెల్లటి పిండి పూసినట్టుండే పిండినల్లి అయినా, కాయలో గుడ్లు పెట్టే పండుఈగ అయినా కొంతకాలం చెట్టు కింది మట్టిలో గడపాల్సిందే. దొరికేది అక్కడే.

పిండినల్లి గుడ్లు ధనుర్మాసం వేళకి మట్టిలో పొదుగుతాయి, పిల్లలు మాను పట్టుకుని పైకి పాకుతాయి. కాబట్టి డిసెంబరు సగంలోపే పట్టీ కట్టాలి. నేలకి అడుగున్నర ఎత్తున బెరడు గీకి, తడిమట్టి మెత్తి, దానిమీద అడుగు వెడల్పు, 400 గేజి మందం పాలిథీన్ షీటు చుట్టి, పైనా కిందా పురికొసతో బిగించాలి. కింది అంచున షీటు మీదే గ్రీజు రాయాలి, బెరడుకి తగలనివ్వొద్దు. మట్టి మెత్తకపోతే పగుళ్లలోంచి పిల్లలు దూరిపోతాయి, ఎక్కువమంది పట్టీ పనిచెయ్యలేదనేది అందుకే. కొమ్మ గోడకి ఆనుకున్నా దారి దొరికినట్టే. పట్టీ కింద గుంపు కట్టినవాటిని రెండ్రోజులకోసారి గీకి సబ్బునీళ్లలో పడెయ్యాలి. దుమ్ము పట్టాక గ్రీజు మళ్లీ రాయాలి.

పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి మాత్రం పిచికారీ తప్పదు. అరకిలో వేపపప్పు దంచి, మూటకట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మూటని పిండి, నీళ్లు వడకట్టి, 10 గ్రాముల సబ్బుపొడి కలపాలి. పూత మొగ్గలో ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మరోసారి, సాయంత్రం పూట కొట్టాలి. పూత విప్పారాక వద్దు. ఈగలూ తేనెటీగలూ వాలకపోతే పిందె నిలవదు. కషాయం ఏరోజుకారోజే.

ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు గొంగళి పురుగుల్ని తింటాయి, ఆ గూళ్లు తీసెయ్యొద్దు. (ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో వాటి చట్నీకి 2024లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.) పిండినల్లి పట్టిన చెట్టు మీద మాత్రం అవే, అది కార్చే తీపికోసం దానికి కాపలా కాస్తాయి.

పండుఈగకి మిథైల్ యూజినాల్ అనే ఎర మందు పెట్టిన బుట్ట కడతారు, కానీ అందులో పడేవి మగ ఈగలే. రాలిన కాయ ఏ పూటకాపూట ఏరకపోతే బుట్ట దండగ. పుచ్చిన కాయ పెంటకుప్పలో పడేస్తే పురుగు మట్టిలోకి దిగి, ఈగై తిరిగొస్తుంది. రెండడుగుల గోతిలో పూడ్చాలి, లేదా నల్ల పాలిథీన్ సంచిలో మూతి బిగించి వారంపాటు ఎండలో పెట్టాలి.

టెంకలో పెరిగే టెంకపురుగు పడ్డ కాయ పైకి బాగానే ఉంటుంది, లోపల పడ్డాక చేసేదేమీ లేదు. తిన్న టెంకలు పెరట్లో విసరకుండా పొయ్యిలో పెట్టండి.