ఫైనాన్షియల్ అనలిస్ట్ కావాలనుకునేవారు కోర్సులో చేరేముందు చేయవలసిన పని

కంపెనీల లెక్కలు చదివి ముందు ముందు అవి ఎలా నడుస్తాయో అంచనా వేసే ఫైనాన్షియల్ అనలిస్ట్ ఉద్యోగం వైపు చూస్తున్న బీకాం, ఎంబీఏ విద్యార్థులూ, ఐటీ నుంచి ఇటు మళ్లాలనుకునేవారూ మొదట అడిగేది ఏ కోర్సులో చేరాలనే. డబ్బు కట్టేముందు, ఈ పని తమకు సరిపడుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తేల్చుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

మందులో, సిమెంటో, రొయ్యల మేతో, మీకు కొద్దోగొప్పో తెలిసిన వ్యాపారం చేసే లిస్టెడ్ కంపెనీని, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లు నమోదైనదాన్ని, ఒకదాన్ని ఎంచుకోండి. బ్యాంకుల, బీమా సంస్థల లెక్కల తీరు వేరు కనుక మొదట వాటి జోలికి వెళ్లవద్దు. స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్‌ఈ లేదా ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైటు నుంచి ఐదేళ్ల వార్షిక నివేదికలు దించుకుని, అమ్మకాలు, నిర్వహణ లాభం (వడ్డీ, పన్నులు తీసివేయకముందు వ్యాపారం మీద వచ్చినది), నికర లాభం, వసూలు కావలసిన బకాయిలు, అప్పులు, వ్యాపారం ద్వారా చేతికొచ్చిన నగదు ఏడాదివారీగా ఎక్సెల్‌లో స్వయంగా ఎక్కించండి. రెడీమేడ్ పట్టికను కాపీ చేసుకుంటే ఏ అంకె ఏ పద్దు నుంచి వచ్చిందో, లెక్కల వెనుక ఇచ్చే వివరణల్లో (నోట్స్‌లో) అది ఎక్కడ ఉందో తెలియకుండా పోతుంది.

లాభం ఏటా పెరుగుతున్నా నగదు రావడం లేదంటే సరుకు అరువు మీద పోతోందా, గోదాముల్లో పేరుకుపోతోందా అన్నది నోట్స్‌లో వెతకాలి. ఆపైన వచ్చే త్రైమాసికంలో అమ్మకాలు, లాభం ఎంత ఉండవచ్చో కారణాలతో సహా ఒక పేజీ రాసిపెట్టుకోండి. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా, మార్చితో ముగిసే చివరి త్రైమాసికానికైతే 60 రోజుల్లోగా, ఫలితాలు ప్రకటించాలి కనుక పోల్చి చూసుకోవడానికి ఎక్కువ కాలం ఆగనక్కరలేదు. అంచనా తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో వెతకాలని మనసు లాగితే ముందుకు వెళ్లండి. విసుగే మిగిలితే మరో దారి చూసుకోవడం మేలు.

లెక్కల మోసంతో కూలిన సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్ ఉదంతాన్ని ఈ దశలోనే శ్రద్ధగా చదవాలి. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, అంతకుముందు సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ తేదీతో ముగిసిన త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే. లేని వడ్డీ 376 కోట్లు కూడా పుస్తకాల్లోకి ఎక్కింది కనుక, ఒక అంకెను అదే పుస్తకంలోని మరో అంకెతో సరిచూసుకుంటే సరిపోదు. లేఖకు మూడు వారాల ముందే, సత్యం తన ప్రమోటర్ల (సంస్థను స్థాపించి నడిపినవారి) కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనబోయి, వాటాదారులు తిరగబడటంతో వెనక్కి తగ్గింది. అంత నగదు ఉన్న సంస్థ దాన్ని సొంతవారి స్థిరాస్తి, నిర్మాణ వ్యాపారాల్లోకి ఎందుకు మళ్లించాలనుకుందో అడగడం అనలిస్ట్ పనిలో భాగమే.

ఇక అర్హతల సంగతి. షేర్లపై పరిశోధన నివేదికలు ఇచ్చే ఉద్యోగాలకు, సెబీ 2014 నిబంధనల కింద, సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే సిరీస్ 15 పరీక్ష అవసరమవుతుంది. పెట్టుబడుల విశ్లేషణలో అంతర్జాతీయ అర్హత అయిన సీఎఫ్ఏకు మూడు అంచెల పరీక్షలున్నాయి. ఒక్కో అంచెకు సుమారు 300 గంటల చదువు కావాలని నిర్వాహక సంస్థే చెబుతుంది, చార్టర్ (ఆ అర్హత పత్రం) చేతికి రావాలంటే కనీసం 36 నెలల కాలంలో 4,000 గంటల సంబంధిత పని అనుభవం కూడా చూపాలి. అందువల్ల మొదటి అంచె రాస్తూనే ఉద్యోగం వెతుక్కోవడం నయం.

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలోని విదేశీ బ్యాంకుల కేంద్రాల్లో ఇదే హోదాతో ఉద్యోగాలున్నా, కొన్నింటిలో రోజంతా ఇతరులు తయారుచేసిన అంచనా పట్టికల్లో (మోడళ్లలో) అంకెలు మార్చడమే పని. ఇంటర్వ్యూలో మీ వంతు వచ్చినప్పుడు అంచనాలు ఎవరు వేస్తారో, నివేదిక ఎవరు రాస్తారో స్పష్టంగా అడగండి. మీరు రాసిన ఆ ఒక్క పేజీని, తరువాత వెలువడిన ఫలితాలతో కలిపి, వారి ముందుంచండి.