బటన్ నొక్కకుండానే వెలిగే ఎల్‌ఈడీ: తొమ్మిదో తరగతి ల్యాబ్‌లో నా అనుభవం

మా ఉన్నత పాఠశాల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామబుల్ సర్క్యూట్ బోర్డుకు పుష్ బటన్ కలిపినప్పుడు, బటన్ నొక్కకపోయినా, వైరు దగ్గరకు చేయి తెచ్చినంత మాత్రాన ఎల్‌ఈడీ వెలిగి ఆరుతూ ఉండేది. ప్రోగ్రాములో తప్పు లేదు. బటన్ తెరిచి ఉన్నంతసేపు దాని సంకేతాన్ని చదివే బోర్డు పిన్ 5 వోల్టులకు గానీ గ్రౌండుకు (0 వోల్టులకు) గానీ కలవదు. ఆ పిన్ ఇన్‌పుట్ నిరోధం చాలా ఎక్కువ కాబట్టి చుట్టుపక్కల కరెంటు తీగల ప్రభావాన్ని కూడా సంకేతంగానే తీసుకుంటుంది. బోర్డు పంపే విలువలను కంప్యూటర్ తెరపై చూపే సీరియల్ మానిటర్‌లో 0, 1 అంకెలు తారుమారు కావడాన్ని పిల్లలకు చూపించి, కారణం వారే చెప్పేదాకా ఆగాను. ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైన సమయం అదేనని నా నమ్మకం. ఆ తరువాత పిన్‌కూ గ్రౌండుకూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టించగా, బటన్ నొక్కనప్పుడు పిన్ 0 దగ్గరే నిలిచి సమస్య తీరింది. రెసిస్టర్ అందని బృందం చేత బటన్‌ను 5 వోల్టులకు బదులు గ్రౌండుకు కలిపించి, పిన్‌ను 5 వోల్టుల వైపు పట్టి ఉంచే, చిప్‌లోనే ఉన్న పుల్-అప్ రెసిస్టర్‌ను వాడించాను. అప్పుడు నొక్కితే 0 వస్తుంది కనుక ప్రోగ్రాములో షరతును తిరగరాయాలి.