ఇంటి గదిలో గొంతు రికార్డింగ్ – 6వ పాఠం: కళ్లకు గంతలు కట్టుకుని మైకులు వినడం

పోయిన పాఠంలో ఒకే పల్లవిని బెత్తెడు దూరంలో, జానెడు దూరంలో, మూరెడు దూరంలో పాడి రికార్డు చేసుకోమన్నాను. ఆ మూడు ఫైళ్లూ చెరిపేయకండి, ఈ పాఠంలో వాటితో పనుంది. ఇంకా చేయనివాళ్లు ముందు ఆ పని చేసుకుని రండి, ఓ పావుగంట పడుతుందంతే.

ఈసారి చెప్పుకునేది మైకు కొనే ముందు మనమంతా చేసే పని గురించి. యూట్యూబులో ఒక పోలిక వీడియో తెరుస్తాం. ఒకావిడ నాలుగు వాక్యాలు పదివేల రూపాయల మైకులో పాడుతుంది. అవే నాలుగు వాక్యాలు సుమారు మూడు లక్షలుండే న్యూమన్ యూ 87 ఏఐలో పాడుతుంది. తెర మీద పేరు మారగానే మన ముఖంలో కూడా వెలుగొస్తుంది: "అదీ మైకంటే!" కొందరు సరిగ్గా దీనికి ఎదురు: "ఏముంది తేడా, దండగ." నా అనుభవంలో ఈ రెండు తీర్పులూ చాలాసార్లు మైకు మీద ఇచ్చినవి కావు. వాల్యూం మీద, దూరం మీద, గది మీద ఇచ్చినవి. వాటిని ఒక్కొక్కటిగా పక్కకి తీసేశాక ఏం మిగులుతుందో అదే మైకు. ఆ తీసేయడం నేర్చుకోవడమే ఈ పాఠం.

మొదటి అభ్యాసం: ఇంట్లోవాళ్లని మోసం చేయండి

మీ జానెడు దూరపు ఫైలుని ఆడాసిటీలో (రికార్డు చేసినదాన్ని కత్తిరించి సరిచేసుకునే సాఫ్ట్‌వేర్) తెరవండి. దానికి ఒక నకలు తీసి, ఆ నకలు వాల్యూం 1 డెసిబెల్ పెంచండి. అంతే, ఇంకేమీ ముట్టుకోవద్దు. ఒకదానికి "అ" అని, రెండోదానికి "ఆ" అని పేరు పెట్టి, ఇంట్లో ఎవరికైనా వినిపించి "వీటిలో ఖరీదైన మైకు ఏది?" అని అడగండి.

మా ఇంట్లో చేస్తే మా బావమరిది రెండోదాంట్లో "నిండుదనం" ఉందన్నాడు. మా ఆవిడ మొదటిది "కాస్త పలచగా ఉంది, మన గదిలో పాడినట్టే ఉంది" అంది. రెండూ మన గదిలో పాడినవే, రెండూ ఒకే ఫైలు! ఆ తర్వాత అబ్బాయి చేత ఫైళ్ల పేర్లు కలగాపులగం చేయించి నేనూ విన్నాను. తయారుచేసినవాణ్ణి నేనే అయినా, నా వేలూ పెద్ద వాల్యూం వైపే పోయింది.

ఎందుకంటే 1 డెసిబెల్ తేడా చెవికి "గట్టిగా ఉంది" అని తెలియదు, "బాగుంది" అని తెలుస్తుంది. పైగా వాల్యూం తగ్గేకొద్దీ మన చెవి అడుగు స్వరాల్ని తక్కువగా వింటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. కాబట్టి కాస్త గట్టిగా మోగిన క్లిప్పులో అడుగూ నిండుగా వినిపిస్తుంది, పైనా మెరుస్తుంది. అందులో మైకు ఘనత ఏమీ లేదు.

"యూట్యూబు వాల్యూం తనే సరిచేస్తుందిగా" అనుకుంటారేమో. చేస్తుంది, కానీ మనకు కావలసిన చోట కాదు. అది వీడియో మొత్తాన్ని ఒకే ముద్దగా కొలిచి, మరీ గట్టిగా ఉంటే మొత్తాన్ని తగ్గిస్తుంది. ఆ వీడియోలోని మొదటి మైకు క్లిప్పుకీ రెండో మైకు క్లిప్పుకీ మధ్య ఉన్న తేడా అలాగే ఉండిపోతుంది. రెండు వేర్వేరు వీడియోలు పోల్చేటప్పుడైతే, మెల్లగా ఉన్నదాన్ని అది పైకి తేదు. ఇంకోటి, ఫోన్ యాప్‌లో స్టేబుల్ వాల్యూం అనే మీట ఉంటుంది. మెల్లని చోట్లని ఎత్తి, గట్టి చోట్లని అణుస్తుంది. పోలికలు వినేటప్పుడు అది ఆపేయండి.

సరిచేసుకోవడం మనమే చేయాలి. చాలామంది పోలిక చేసేవాళ్లు వీడియో కింద వేవ్ ఫైళ్లు, అంటే కుదించని అసలు రికార్డింగులు, కూడా ఇస్తారు. ఉంటే అవే దించుకోండి. రెండిటిలోనూ పాట ఉన్న ఒకే భాగం కత్తిరించి, ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే ఎఫెక్ట్ వేసి, రెండిటికీ ఒకే అంకె ఇవ్వండి. మైనస్ 23 అని అదే చూపిస్తుంది, అది చాలు. తర్వాత చెవితో ఒకసారి సరిచూసుకోండి. వేవ్ ఫైళ్లు లేకపోతే వీడియో వింటూ చేత్తో వాల్యూం సర్దుకోవడం తప్ప దారి లేదు. అలా విన్నదానికి సగం మార్కులే వేయండి.

యూట్యూబు శబ్దాన్ని కుదించి పంపుతుంది కాబట్టి అక్కడ విని ఏమీ తేల్చలేమని కొందరంటారు. నేనొప్పుకోను. కుదింపులో పోయేవి ఉన్నాయి: పాట ఆగాక గదిలో మిగిలే సన్నటి తోక, "స" మీది నురుగు. కానీ ఒక మైకు అడుగు బరువుగా, ఇంకోటి పైన పదునుగా ఉంటే ఆ తేడా కుదింపు దాటుకుని కూడా వస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మళ్లీ ఇంకో కుదింపు కాబట్టి వైరు ఉన్నవి వాడండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. అందులో గొంతు అడుగు భాగం దాదాపు ఉండదు.

ఇది ఒక్క పాటేనా, రెండుసార్లు పాడిందా?

వాల్యూం సరిచేశాక అడగవలసిన మొదటి ప్రశ్న ఇది. ఒకే సంగతిని రెండుసార్లు అచ్చుగుద్దినట్టు పాడే గొంతు లేదు. రెండోసారి పాడేటప్పటికి గొంతు వేడెక్కి ఉంటుంది, గమకం ఇంకాస్త జారుతుంది, పల్లవి తెలిసిపోయింది కాబట్టి ధైర్యం పెరుగుతుంది. చాలా వీడియోల్లో ఖరీదైన మైకు చివరికి వస్తుంది. ఆ "ప్రాణం" మైకుది కాదు, నాలుగోసారి పాడిన గాయనిది.

తెలుసుకోవడం తేలికే. రెండు క్లిప్పుల్నీ ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి పెట్టి మొదటి అక్షరం దగ్గర కలపండి. ఊపిరి పీల్చిన చోట్లు, హల్లులు పడిన చోట్లు చివరిదాకా కలిసిపోతే ఒకేసారి రెండు మైకుల్లో పట్టినదన్నమాట. అవి ముందుకో వెనక్కో జరిగిపోతే రెండుసార్లు పాడింది.

ఒకేసారి పట్టినదైతే ఇంకో చిక్కుంది. నోరు ఒకటే, మైకులు రెండు. ఒకటి నోటికి సూటిగా ఉంటే ఇంకోటి కాస్త పక్కకి ఉంటుంది. ఇక్కడ మీ మూడు ఫైళ్లు తెరవండి. జానెడు మూరెడైతే దూరం రెట్టింపు. నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గోడల్నుంచి తిరిగొచ్చే శబ్దం మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే మూరెడు ఫైల్లో మీ గొంతు బాత్రూంలో పాడినట్టుంది. బెత్తెడు ఫైల్లో అడుగు ఉబ్బినట్టుంది, అది మీ మైకు దగ్గరితనానికి కలిపే బరువు. ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి: ఒకే మైకు, ఒకే గొంతు, ఒకే గది. అయినా ఈ మూడిటి మధ్య తేడా, మీరు వీడియోల్లో విన్న పదివేలకీ మూడు లక్షలకీ మధ్య తేడా కంటే పెద్దదిగా లేదూ?

అందుకని వీడియోలో మైకులు ఎక్కడున్నాయో చూడండి. ఈ ఒక్కచోట కళ్లకు గంతలు విప్పొచ్చు. బెత్తెడు దూరంలో రెండు మైకులు పక్కపక్కన ఉంటే వేలెడు తేడా కూడా వినిపిస్తుంది. జానెడు దాటి ఉంటే అంత పట్టింపు లేదు, కానీ గది వచ్చి చేరుతుంది.

మెరుపు ఎక్కడిది?

వాల్యూం, దూరం సరిపోయాక కూడా ఒక్కోసారి చవక మైకే "స్పష్టంగా" ఉంటుంది. దీనికి కారణం తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. మైకులో శబ్దాన్ని పట్టే పలచటి పొర ఉన్న భాగాన్ని క్యాప్స్యూల్ అంటారు. న్యూమన్ కంపెనీ 1960లో యూ 67 అనే మైకులో వాడిన క్యాప్స్యూల్ స్వభావమే పై శబ్దాల్ని ఎత్తి పట్టుకోవడం. ఆ ఎత్తుని తిరిగి దించే ఏర్పాటు లోపలి సర్క్యూట్లోనే పెట్టారు. 1967లో వచ్చిన యూ 87 కూడా ఆ దారిలోనిదే. తర్వాత ఆ క్యాప్స్యూల్‌ని చూసి చేసిన చవక రకాలు కోకొల్లలుగా వచ్చాయి. వాటిలో చాలా మైకులు క్యాప్స్యూల్‌ని తెచ్చుకుని, దించే సర్క్యూట్‌ని వదిలేశాయి. అందుకే ఆ మెరుపు.

మొదటి పది సెకన్లు అది గొప్పగా ఉంటుంది. నేను అలాంటిదే ఒకటి పోలిక వీడియో విని కొన్నాను. ఏ కంపెనీదో ఎందుకులెండి, విన్నది నేను, మురిసింది నేను. మూడో పాట రికార్డు చేసేసరికి "స" అన్నప్పుడల్లా కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఉండేది. తర్వాత తగ్గిద్దామంటే "స"తో పాటు పాటా మసకబారేది. అప్పట్నుంచి నాదొక నియమం: నచ్చిన క్లిప్పుని పది సెకన్లు కాదు, మూడు నిమిషాలు మళ్లీమళ్లీ వింటాను. విసుగు ఏ క్లిప్పు మీద ముందొస్తుందో చూస్తాను.

ఇదే వరసలో నిశ్శబ్దం గురించి ఒక మాట. మైకు తనంతట తాను చేసే బుస్సుమనే శబ్దానికి ఒక అంకె ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. ఆడియో టెక్నికా ఏటీ 2020కి అది 20 డెసిబెల్స్. యూ 87 ఏఐకి 12. దానికంటే ఎన్నో రెట్లు చవకైన రోడ్ ఎన్‌టీ1-ఏకి 5! అంటే ఈ విషయంలో ధర వరస పనికిరాదు. రాత్రి సద్దుమణిగిన ఇంటి గదిలోనే 30 డెసిబెల్స్ దాకా ఉంటుంది, ఇక సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే చెప్పనక్కర్లేదు. పోలికలో మాటల మధ్య ఖాళీలో ఏం వినబడుతోందో గమనించండి, కానీ మైకు బుస్సుకీ వాళ్ల ఏసీ శబ్దానికీ తేడా పట్టుకోండి. మొదటిది ఇసక పోసినట్టు సమంగా ఉంటుంది, రెండోదాంట్లో గుర్రు ఉంటుంది.

ఏ అక్షరాల దగ్గర వినాలి

పాట మొత్తాన్ని ఒకేసారి వింటే ఏదీ తేలదు. మన వ్యాకరణం అక్షరాలకి పెట్టిన పేర్లే ఇక్కడ దారి చూపిస్తాయి. శ, ష, స, హలు ఊష్మాలు, నోట్లోంచి గాలి రాసుకుంటూ వచ్చేవి. మైకు పదును బయటపడేది ఇక్కడే, ముఖ్యంగా 5 వేల నుంచి 8 వేల హెర్ట్జ్ మధ్య. ప, ఫ, బ, భలు పెదవులు విడిపోతే వచ్చేవి. వీటి దెబ్బకి మైకు "ధబ్" మంటుందా, ఓర్చుకుంటుందా అని చూడాలి. మ, న, ణల దగ్గర ముక్కు మూసుకుపోయినట్టుందా అని. ఇక పాటలో మంద్రస్థాయిలో "ఆ", తారస్థాయిలో "ఈ". తారస్థాయి "ఈ" గుచ్చుకుంటే ఆ మైకుతో మీరు రోజూ తంటాలు పడతారు.

నోటుపుస్తకంలో రాసేటప్పుడు వీడియోల మాటలు అరువు తెచ్చుకోకండి. "వార్మ్" అని రాస్తే వారం తర్వాత మీకే అర్థం కాదు. మన మాటలు ఎంత కచ్చితమైనవో చూడండి: కీచుగా, గరుకుగా, పలచగా, ముక్కుతో, డొల్లగా, బిందెలో మాట్లాడినట్టు, దుప్పటి కప్పినట్టు. బిందె అని రాసుకుంటే మళ్లీ విన్నప్పుడు బిందె వినబడి తీరుతుంది.

రెండో అభ్యాసం: బొమ్మా బొరుసా

ఇప్పుడు అసలు పరీక్ష. వాల్యూం సరిచేసిన రెండు క్లిప్పులు, "అ", "ఆ". ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టండి. రెండూ పేరు చెప్పి వినిపించమనండి. తర్వాత మీకు కనబడకుండా రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే "అ", బొరుసు పడితే "ఆ" వేయాలి, ఏది వేసిందీ చెప్పకూడదు. అది ఏదో మీరు చెప్పాలి. ఇలా పదిసార్లు. 1950లో బెల్ ల్యాబ్స్‌వాళ్లు రాసిపెట్టిన పద్ధతికి ఇది మన ఇంటి రూపం.

గుడ్డిగా చెప్పినా పదింటికి ఐదు వస్తాయి. ఏడు వచ్చాయని సంబరపడొద్దు, ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ రావడం ఉత్త అదృష్టంతోనే ఆరుసార్లకి ఒకసారి జరుగుతుంది. ఎనిమిదైతే పద్దెనిమిదింటికి ఒకసారి. తొమ్మిదైతే సుమారు వందకి ఒకసారి. తొమ్మిది వచ్చాక "నాకు తేడా వినబడుతోంది" అనొచ్చు. వినబడటం వేరు, నచ్చడం వేరు. ఏది నచ్చిందో దీని తర్వాత అడగాలి, అదీ పేర్లు తెలియకుండానే.

పరీక్షలో ఐదో ఆరో వస్తే సిగ్గుపడక్కర్లేదు. ఆ గొంతు మీద, ఆ గదిలో, మీ చెవికి ఆ తేడాకి అంత ధర లేదు, ఆ డబ్బుతో కిటికీలకి మందపాటి తెరలు కొనుక్కోండి. తొమ్మిది వచ్చినా ఆ గొంతు మీది కాదని గుర్తుంచుకోండి. పదునైన గొంతుకి దుప్పటి కప్పే మైకు వరం, బొంగురు గొంతుకి అదే శాపం. మీ ఊళ్లో యూ 87 ఉన్న స్టూడియో ఉంటే ఒక గంటకి అద్దె కట్టి, మీ మైకు సంచిలో పెట్టుకుని వెళ్లండి. రెండిటినీ జానెడు దూరంలో పక్కపక్కన కట్టించి ఒకేసారి పాడండి. ఆ రెండు ఫైళ్లు మీకు వంద వీడియోల పెట్టు.

7వ పాఠానికి మీరు తేవలసినవి: బొమ్మా బొరుసు పరీక్ష మార్కులు, మూడు నిమిషాల పరీక్షలో ఏ అక్షరం దగ్గర విసుగొచ్చిందో ఒక్క వాక్యం, ఈ కింది రెండు వాక్యాలు మీ గొంతులో జానెడు దూరంలో. "సీసాలో సోడా సగమే పోశాడు శేషయ్య." "భయంతో పాపయ్య పప్పు బుట్ట పారబోశాడు." ఫ్యాను ఆపి రికార్డు చేయండి. మొదటిదానిలో ఐదు "స"లున్నాయా, నాలుగేనా అని లెక్కపెట్టుకోకండి, శేషయ్య దగ్గర మీ మైకు ఏం చేసిందో వినండి.