థర్మల్ పక్క ఊళ్ళో వేట పుస్తకం రాయడం ఎలా

థర్మల్ విద్యుత్ కేంద్రం గురించి పెట్టే సభలో లేచి "కేంద్రం వచ్చాక చేప తగ్గిపోయిందయ్యా" అంటే "అంతటా తగ్గింది కదమ్మా" అంటారు అధికారులు. ఆ మాటకు జవాబు నోటితో చెబితే నిలవదు, లెక్క చూపించాలి. మాది నెల్లూరు తీరం, ఊరి పక్కనే థర్మల్ కేంద్రం. మా ఇంటాయన వేటకు వెళ్తారు, నేను చేపలు ఎండబెట్టి అమ్ముతాను. రోజువారీ లెక్కలుండే వేట పుస్తకం రాసేది నేనే.

ముందు పడవ లెక్క. రోజుకు ఒక వరుస చాలు: తేదీ, వల వేసిన చోటు, ఏ వల, డీజిల్ ఎన్ని లీటర్లు, ఏ చేప ఎన్ని కిలోలు, వేలంలో పలికిన ధర. "బుట్టెడు" అని రాయకండి, ఒక్కో ఇంటి బుట్టది ఒక్కో కొలత. ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజును అసలు వదలకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధాన్ని, తుపాను రోజులను వేరే రంగు సిరాతో గుర్తు పెట్టండి. అవి కలిసిపోతే పుస్తకం మొత్తాన్నీ కొట్టిపారేస్తారు. చలికాలంలో థర్మల్ కేంద్రం వదిలే వేడినీరు సముద్రంలో కలిసే చోట చేపలు గుమికూడి వల నిండితే అదీ రాయండి. దాచిన లెక్క ఒక్కటి బయటపడితే మిగతావి ఎవరూ నమ్మరు.

ఏటిలో చేత్తో పీతలు, రొయ్యలు పట్టుకునే యానాది కుటుంబాలకు వేరే పేజీ పెట్టండి. పరిహారం జాబితా పడవలను బట్టి తయారైతే వాళ్ళ పేర్లు అందులోకి రానేరావు.

తర్వాత నీటి వేడి. థర్మల్ కేంద్రం సముద్రపు నీటిని తోడి, ఆవిరిని చల్లార్చి, వేడెక్కిన నీటిని తిరిగి వదులుతుంది. తోడేటప్పుడు చేపగుడ్లు, రొయ్యపిల్లలు జల్లెడ దాటి లోపలికి పోతాయి. అవి మన లెక్కకు అందవు, వేడి అందుతుంది. 1999 జూన్ తర్వాత వచ్చిన తీరప్రాంత కేంద్రాలు, తాము వదిలే నీరు కలిసే చోట సహజ వేడి కంటే 7 డిగ్రీల సెల్సియస్ మించి పెరగనివ్వకూడదని నిబంధన. కాబట్టి ఒక్క చోటే కొలిస్తే పనికిరాదు. ఒక కొలత వేడినీరు కలిసే చోట, ఇంకొకటి ఆ నీరు చేరని దూరంలో, రెండూ వెంటవెంటనే తీసుకోండి. బకెట్‌తో నీరు తోడి, నీడలో పెట్టి, థర్మామీటరు ముంచి, అంకె కదలడం ఆగాక చదవండి. పైకి తీసి చదివితే గాలికి అంకె మారిపోతుంది. ఆటు, పోటు ఏది నడుస్తోందో పక్కనే రాయండి.

ఇక బూడిద, ఇది ఆడవాళ్ళ లెక్క. ఎండుచేపను వేలితో తుడిచి, ఆ వేలు మనకే చూపించి ధర కోసేస్తాడు వ్యాపారి. చేపలు ఎండబెట్టే చోట తడిపిన తెల్లగుడ్డ ఒకటి పరిచి, సాయంత్రం ఫోటో తీయండి. గాలి ఎటు నుంచి వీచిందో, ఆ రోజు ధర ఎంత తగ్గిందో రాయండి. నల్లగా ఉంటే బొగ్గు గుట్టల వైపు, బూడిదరంగులో ఉంటే పొగగొట్టం, బూడిద చెరువుల వైపు మొదట అనుమానించాలి.

థర్మల్ కేంద్రాన్ని విస్తరిస్తామంటే సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. దానికి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నెలవారీ మొత్తాలను తెలుగులోనే ఒక కాగితం మీదకు ఎక్కించి, రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, సంతకం వేయించుకోండి. అసలు పుస్తకం మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎంత మర్యాదగా అడిగినా సరే. కాగితం మీద ఏముందన్నది చిన్న విషయం కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రం కట్టాలనుకున్న బీల అనే లోతట్టు నేల విషయంలో తగువంతా అది బంజరా, చిత్తడి నేలా అన్న దగ్గరే మొదలైంది. 2010 జూలై 14న, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన రోజే, అక్కడి కేంద్రానికి పర్యావరణ అనుమతి రద్దయింది.

సభ ముగిశాక భోజనాల వైపు పరుగెత్తకండి. అక్కడ వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలని నియమం ఉంది. మీ అంకెలు అందులో వినిపించకపోతే సంతకాలు కాకముందే లేచి అడగండి.