‘పొందు’ ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి?

ఒకసారి కంటి శిబిరం కరపత్రం రాసిపెట్టమంటే రాశాను. చివర్లో "శిబిరానికి వచ్చి ఉచితంగా కళ్ళజోడు పొందండి" అని పెట్టాను. ప్రింటుకు పంపేముందు అమ్మకు చదివి వినిపించాను. "పొందండి అంటే ఏంట్రా? అప్పటికప్పుడు చేతికిస్తారా, మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలా?" అంది. నిజానికి నాకూ తెలీదు. శిబిరం పెట్టేవాళ్ళను అడిగితే, ఆ రోజు పరీక్ష మాత్రమే చేస్తామని, కళ్ళజోడు పది రోజుల తర్వాత అదే చోట ఇస్తామని చెప్పారు. నేను రాసిన ఒక్క మాట ఆ సంగతంతా కప్పేసింది.

‘పొందు’తో వచ్చే చిక్కు ఇదే. వస్తువు మన దగ్గరికి ఏ దారిన వచ్చిందో తెలుగు క్రియ మామూలుగా చెప్పేస్తుంది. ‘పొందు’ మాత్రం చేరిందని చెప్పి ఊరుకుంటుంది. అందుకే ఆ మాట రాయబోయే ముందు కింది మెట్లు ఒక్కొక్కటే చూసుకోండి.

1. ఎలా వచ్చిందో అడగండి

డబ్బు పెడితే కొన్నాం. వెతుకుతుంటే కనబడితే దొరికింది. కష్టపడితే సంపాదించాం, పోటీపడితే గెలుచుకున్నాం. పోస్టులోనో ఇంకొకరి చేతనో వస్తే అందింది. మనమే వెళ్తే తెచ్చుకున్నాం. సంబంధమో అద్దె ఇల్లో అయితే కుదిరింది. డబ్బు చేతికి రావడానికైతే విడిగా ‘ముట్టు’ అనే మాటే ఉంది. ప్రామిసరీ నోటు రాసేటప్పుడు "పైకం నాకు ముట్టినది" అని రాయించుకుంటారు. ఆ చోట "పొందితిని" అని పెట్టి చూడండి, అప్పిచ్చేవాడు కాగితం వెనక్కి తోస్తాడు.

ఫోన్లలో కనిపించే "యాప్‌ను పొందండి" కూడా ఈ మెట్టు ఎక్కకుండా రాసిందే. మనం చేసేది డౌన్‌లోడ్. "డౌన్‌లోడ్ చేసుకోండి" అంటే ఏ ఇబ్బందీ లేదు. ఇక్కడ ఇంగ్లీషు మాట వాడటమే మంచి తెలుగు అని నా అభిప్రాయం.

2. కర్త ఎవరో తేల్చుకోండి

నాకు ఉద్యోగం వచ్చింది. పాపకు మంచి మార్కులు వచ్చాయి. 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. జ్వరమూ అలాగే వస్తుంది. వీటిలో వచ్చేది కర్త, మనిషి పక్కన ‘కు’ పట్టుకుని నిలబడతాడు. ‘పొందు’ దీనికి తిరగేసిన పద్ధతి. మనిషే కర్త అవుతాడు: "మేం పంచాయతీ అనుమతి పొందాం." దాన్ని "మాకు అనుమతి పొందింది" అంటే తప్పు. ‘కు’ ఉంచాలనుకుంటే "మాకు అనుమతి లభించింది" అనాలి. "ఇచ్చట ఇసుక, కంకర లభించును" అనే బోర్డు చూసే ఉంటారు. అక్కడా ఇసుకే కర్త.

కర్త మనిషి కావడం వల్ల ఒక చిన్న తిరకాసు వస్తుంది. సి. నారాయణరెడ్డి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం పొందారు అంటే బాగానే ఉంటుంది. పి.వి. నరసింహారావుకు 2024లో, మరణానంతరం, భారతరత్న ప్రకటించారు. "పి.వి. 2024లో భారతరత్న పొందారు" అని రాస్తే చెవికి ఏదో అడ్డం పడుతుంది. పొందడానికి మనిషి ఉండాలి కదా. "పి.వి.కి భారతరత్న వచ్చింది, ఆయన తరఫున కుమారుడు అందుకున్నారు" అంటే ఎవరి పని వాళ్ళకు సరిపోతుంది.

3. పక్కన ఏ మాట ఉందో చూడండి

ఇంతా చెప్పి ‘పొందు’ను వెలివేయమనడం లేదు. అనుమతి, శిక్షణ, గుర్తింపు, ఉపశమనం, ప్రయోజనం, మోక్షం లాంటి మాటల పక్కన అది హాయిగా కూర్చుంటుంది. ఇవన్నీ చేత్తో పట్టుకోలేనివి. చేతికి తగిలే వస్తువు వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. "కిలో ఉల్లిపాయలు పొందాను" అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

చెడు జరిగినప్పుడూ వీలైతే మానేయండి. "ప్రమాదంలో గాయాలు పొందారు" కంటే "గాయపడ్డారు", "నష్టం పొందారు" కంటే "నష్టపోయారు" మేలు. "పరాజయం పొందారు" అలవాటైన మాటే, తప్పనను. "ఓడిపోయారు" అంటే సరిపోయేదానికి అంత పెద్ద మాట ఎందుకన్నదే నా గొడవ.

ఇంకొకటి, ‘చెందు’తో కలగాపులగం చేయొద్దు. స్థితి మారితే చెందు: అభివృద్ధి చెందింది, ఆందోళన చెందారు, మృతి చెందారు. లాభం చేకూరితే పొందు: లబ్ధి పొందారు. "ఆ పొలం మాకు చెందుతుంది" అన్నప్పుడు ‘చెందు’కు అర్థం వేరే, హక్కు.

4. మనుషులను ‘పొంద’కండి

‘పొందు’ నామవాచకం కూడా. మంచివాళ్ళ పొందు అంటే స్నేహం, సాంగత్యం. ఆడా మగా కలయికకూ అదే మాట. అందుకే "అతను ఆమెను పొందాడు" అనగానే చదివేవాడి ఆలోచన ఎటో పోతుంది. కరపత్రంలో "నిపుణులైన డాక్టర్లను పొందండి" అని రాసేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. "నిపుణులైన డాక్టర్లు చూస్తారు" చాలు.

5. రూపం సరిచూసుకోండి

పొందాడు, పొందుతాడు, పొందలేదు, పొందిన. ఇవి చాలు. "పొందబడిన" మాత్రం వద్దు. "ప్రభుత్వంచే పొందబడిన అనుమతి" అని రాస్తే అనుమతి ప్రభుత్వం ఇచ్చిందో, తీసుకుందో తేలదు.

నా కరపత్రం చివరికి ఇలా మారింది: "ఆదివారం కంటి పరీక్ష చేస్తారు. పది రోజుల తర్వాత ఇక్కడే కళ్ళజోడు ఇస్తారు." మళ్ళీ అమ్మకు వినిపించాను. "ఇప్పుడు తెలిసింది. డబ్బులెంత కట్టాలి?" అంది. మార్చే హడావుడిలో ‘ఉచితంగా’ కొట్టేశాను.