నువ్వుండల నుంచి అరిసెల దాకా

నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. పిల్లల ఎదుగుదలకు మన ముసలమ్మలు కట్టిన క్యాలెండర్ ఇది. ఇందులో తారీఖులు లేవు, గమనించారా?

హిందూపురం దగ్గర 22 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి, రిటైరయ్యాక మనవడి కోసం బెంగళూరు వచ్చాను. కె.ఆర్.పురంలో మూడో అంతస్తు. మా అమ్మాయి ఫోన్లో ఏదో యాప్ ఉంది. ఈ వారం మీ బాబు బోర్లాపడాలి అని అది చెప్పడం, వీడు పడకపోవడం, అమ్మాయికి టెన్షన్. "నెల ముందు పుట్టాడు కదే, ఆ నెల తీసేసి లెక్కపెట్టు" అన్నాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా డాక్టరు ఇచ్చిన డెలివరీ డేటు నుంచే వయసు లెక్క కట్టాలి.

పుట్టిన కొత్తలో బిడ్డకు జానెడు దూరం, మహా అయితే అడుగు దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. ఒళ్లో పడుకోబెట్టుకుంటే మన మొహం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. ఉయ్యాలకు ఎత్తులో రంగురంగుల బొమ్మలు కట్టి ఏం లాభం? మొహం దగ్గరగా పెట్టి మాట్లాడండి. వాడు "ఊ" అంటే ఆగి, మీరూ "ఊ" అనండి.

మెడ నిలవాలంటే బోర్లా పడుకోబెట్టాలి. పాలు తాగిన వెంటనే వద్దు. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. పాకడం వచ్చేలోపు రోజు మొత్తం మీద కనీసం అరగంట అవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే. మావాడు బోర్లా వేయగానే ఏడుపు అందుకునేవాడు. నేను చాప పరిచి, ఈ మోకాళ్ల నొప్పులతోనే వాడికి ఎదురుగా బోర్లా పడుకున్నాను. మధ్యలో స్టీలు పళ్లెం నిలబెట్టాను. అందులో మొహం కనబడగానే ఏడుపు ఆపి, వణుకుతున్న మెడను ఎత్తి చూశాడు. పట్టుమని పది అంకెలు లెక్కపెట్టేలోపు ముక్కు చాపకు తగిలింది. ఆ రోజుకు అంతే.

ఎనిమిదో నెల దగ్గర చూడాల్సిన తమాషా ఇంకొకటి. గరిటె మీద తువ్వాలు కప్పండి. అంతకుముందు కప్పితే ఇక ఆ గరిటె లోకంలోనే లేనట్టు తల తిప్పుకునేవాడు. ఒకరోజు తువ్వాలు లాగి పారేసి, గరిటె పట్టుకుని నావంక చూశాడు, దొంగను పట్టుకున్నట్టు. కనబడకపోయినా వస్తువు ఉంటుందని తెలిసిందన్నమాట. అమ్మ ఆఫీసుకు వెళ్తుంటే గుమ్మం దగ్గర గోల మొదలయ్యేదీ ఈ రోజుల్లోనే. అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, ఎప్పుడొస్తుందో తెలియదు. దొడ్డిదారిన జారుకోవద్దు. చెప్పి, టాటా పెట్టి వెళ్లండి.

వాకర్ మాత్రం కొనకండి. మాకు ఎవరో బహుమతిగా ఇచ్చారు. నున్నటి టైల్స్ మీద అది జర్రున జారి బాల్కనీ మెట్టు దగ్గర తిరగబడింది. పెదవి చిట్లింది. అదే రోజు అటక ఎక్కించాను. కెనడాలో 2004లోనే వాకర్ల అమ్మకం నిషేధించారు. ఇంట్లో సాక్సులు కూడా విప్పేయండి, బెంగళూరు చలైనా సరే. వట్టి పాదం నేలను పట్టుకుంటుంది.

ఇంట్లో తెలుగు, పనికొచ్చే ఆమెది కన్నడ, అల్లుడు ఫోన్లో ఇంగ్లిష్. ఇన్ని భాషలైతే మాటలు ఆలస్యమవుతాయని భయపెట్టేవాళ్లను పట్టించుకోకండి. వీడు "హాలు, హాలు" అంటుంటే అల్లుడు ఎత్తుకుని హాల్లోకి తీసుకెళ్లేవాడు. వాడు అడిగేది కన్నడంలో పాలు! "పాలు" ఒక మాట, "హాలు" ఒక మాట, లెక్కలో రెండూ వేసుకోండి.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడకపోయినా, ఏడాదికి పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఇక్కడ తాయి కార్డు అంటారే, ఆ తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు తీసుకుని అంగన్‌వాడీకి వెళ్లినా దారి చెబుతారు.

నడక 8 నెలలకే వచ్చేవాళ్లున్నారు, 17 దాటాక వచ్చేవాళ్లూ ఉన్నారు. మావాడు 14కు నడిచాడు. ఆ మొదటి అడుగులు మాలో ఒక్కరమూ చూడలేదు. చీపురు పక్కన పడేసి చేతులు చాపిన పనామెకు ఎదురెళ్లాడట. నేను బియ్యం నానబోసి, పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి, మొదటి అరిసె ఆమె చేతిలోనే పెట్టాను. కొరికి చూసి, "అయ్యో అమ్మా, ఇదు నమ్మ కజ్జాయ!" అంది.